రామదాసు పాట వరస ఎవరిది?

పాల్వంచ నుంచి చర్ల దాకా అడవి అంచున ఉన్న ఊళ్లలో, ఇటు ఖమ్మం పల్లెల భజన మందిరాల్లో రామదాసు కీర్తన రాని ఇల్లు అరుదు. ఒకరు ‘పలుకే బంగారమాయెనా’ ఎత్తుకుంటే పక్కనున్న పదిమందీ అందుకుంటారు. మాట ఎవరిదని అడిగితే తడుముకోకుండా రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్నది అంటారు. మరి వరస ఎవరిది? ఇక్కడ మాత్రం తలో మాటా చెబుతారు. గోల్కొండ చెరసాలలో రామదాసు ఆ వరసలోనే పాడుకున్నాడని కొందరు. అదంతా మంగళంపల్లి బాలమురళీకృష్ణ కట్టిన బాణీ అని కొందరు. గోపన్న అడవిలో తిరుగుతూ కోయల నోట విన్న పాటలనే రాముడి మీదికి మళ్లించాడని ఇంకొందరు.

ఈ మూడింట్లో ఏదీ పూర్తి నిజం కాదు. ఎందుకో నిదానంగా చూద్దాం.

మాట నిలిచింది గదా, వరస ఎందుకు నిలవలేదు?

గోపన్నది నేలకొండపల్లి. పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా పనిచేశాడు. ఆయన్ను చెరలో పెట్టించిన అబుల్ హసన్ తానీషా గోల్కొండను ఏలింది 1672 నుంచి 1687 దాకా. అక్కన్న, మాదన్నలు మంత్రాంగం నడిపిన రోజులవి. అంటే ఈ పాటల వయసు సుమారు మూడు వందల యాభై ఏళ్లు. ఇన్నేళ్లలో మాటను తాటాకు మీద రాసుకున్నారు, కాగితం మీద ఎక్కించుకున్నారు, తర్వాత అచ్చు వేసుకున్నారు. ఒక అక్షరం పోతే ప్రాస తప్పుతుంది, తెలిసినవాడు సరిదిద్దుతాడు. వరసకు అలాంటి కాపలా లేదు. అది నోటి నుంచి చెవికి, చెవి నుంచి మళ్లీ నోటికి నడిచింది. వివరాలతో సహా స్వరపరిచి అచ్చు వేసే పని మనకు 19వ శతాబ్దం చివరికి గాని ఊపందుకోలేదు. సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ వచ్చింది 1904లో.

పుస్తకాల్లో పాట పైన రాగం, తాళం రాసి ఉంటాయి కదా అనవచ్చు. ఉంటాయి. అయితే రాగం పేరు చెప్పడం ఊరి పేరు చెప్పడం లాంటిది; ఏ వీధి, ఏ ఇల్లు అన్నది దాంట్లో తెలియదు. ఆనందభైరవిలో నూరు పాటలు కట్టవచ్చు, ఒక్కదానికీ ఇంకోదానికీ పోలిక లేకుండా.

చిక్కు అక్కడితో ఆగదు. రాగం పేరు మారకుండానే లోపలి స్వరాలు మారిపోతాయి. ‘ఏ తీరుగ నను’ కీర్తనను అందరూ నాదనామక్రియలో పాడతారు. ఈ రాగం కొత్తదేమీ కాదు. 1550లో రామామాత్యుడు రాసిన ‘స్వరమేళకళానిధి’లో ఇది నాదరామక్రియ అన్న పేరుతో ఉంది, అంటే రామదాసుకు నూరేళ్ల పైచిలుకు ముందు. తీరా చూస్తే ఆ గ్రంథం చెప్పే గాంధారం ఇప్పుడు మనం పలికే గాంధారం కాదు. ఆయన చెప్పింది సాధారణ గాంధారం, నేటి నాదనామక్రియలో ఉన్నది అంతర గాంధారం. ఈ రెండు కాలాలకూ నడుమ నిలబడి పాడిన గోపన్న నోట ఏది పలికిందో పాత పుస్తకం చెప్పదు, కొత్త పుస్తకమూ చెప్పదు. కనుక రాగం పేరు కలిసిందని వరస పాతదే అనుకోవడం తొందరపాటు.

అన్నమయ్య సంగతి చూడండి. తిరుమలలో రాగిరేకులు దొరికాయి, వాటి మీద వేల పాటలు, ప్రతి పాటకూ రాగం పేరు. వరస మాత్రం ఒక్కదానికీ లేదు. పాడే వాడుక ఎప్పుడో తెగిపోయింది. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలుకొని మన కాలపు విద్వాంసులు కొత్తగా వరసలు కట్టారు. అన్నమయ్య పాట వరస ఎవరిదంటే కట్టిన వారి పేరు చెప్పేయవచ్చు, తగువు లేదు. రామదాసు పాట అలా మూలన పడి ఉండలేదు. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట పాడుతూనే ఉన్నారు. వివాదమంతా అందుకే. తెగిపోయిన పాటకు కొత్త వరస ఎవరిదో తేలికగా తెలుస్తుంది. తెగని పాటలో ఎవరు ఎంత కలిపారో తేల్చడమే కష్టం.

పెద్ద పేరుకు వరస ఎందుకు అంటుకుంటుంది?

ఇది మన దగ్గరే జరిగే పని కాదు. ఇంగ్లాండులో ‘గ్రీన్‌స్లీవ్స్’ అని ఒక పాత జానపద గీతం ఉంది. దాని వరస విననివారు తక్కువ. 1865 నాటి ఒక క్రిస్మస్ గీతాన్ని ఆ వరసలోనే పాడతారు, మన చర్చిల్లో కూడా వినపడుతుంది. ఆ పాట ఎనిమిదో హెన్రీ రాజు ఆన్ బోలీన్ అనే ప్రియురాలి కోసం కట్టాడని అక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. హెన్రీ 1547లో చనిపోయాడు. ఆ పాట పేరు లండన్ పుస్తక వర్తకుల సంఘం రిజిస్టరులో మొదటిసారి కనపడేది 1580లో, రిచర్డ్ జోన్స్ అనే అచ్చువేసే ఆయన నమోదు చేయించినప్పుడు. పైగా ఆ వరస కింద నడిచే మంద్రస్వరాల చట్రం ఇటలీ నుంచి వచ్చింది, ఇంగ్లాండులో ఆ ఫ్యాషన్ హెన్రీ పోయాకే పాకిందని సంగీత చరిత్రకారులు అంటారు. ఇంత తెలిసినా రాజుగారి కథ చావలేదు. ఎవరు కట్టారో తెలియని పాట కన్నా ప్రేమలో పడ్డ రాజు కట్టిన పాట చెప్పుకోవడానికి బాగుంటుంది మరి.

మనకు చెరసాలలో కుమిలే భక్తుడు ఉన్నాడు. ఆయన్ను విడిపించడానికి రామలక్ష్మణులే మారువేషాల్లో వచ్చి తానీషాకు పైకం చెల్లించారన్న కథ ఉంది. గోల్కొండ కోటలో ఇప్పటికీ రామదాసు బందిఖానా అని ఒక గది చూపిస్తారు. ఇంత బలమైన కథ వెనకున్నప్పుడు వరస ఆయనది కాకపోవచ్చని అనడానికి ఎవరికైనా నోరు రాదు. ఆ మొహమాటం పక్కన పెట్టి గ్రీన్‌స్లీవ్స్ విషయంలో వాళ్లు వేసిన ప్రశ్నలే మనమూ వేయాలి. మొదటి సాక్ష్యం ఎప్పటిది? వరస కట్టుబడి ఏ కాలానిది? దూరదూరంగా ఉన్నవాళ్లు ఒకేలా పాడుతున్నారా?

మొదటి ప్రశ్నకు జవాబు ముందే అయిపోయింది: రామదాసు కాలపు స్వరలిపి లేదు. మిగతా రెండు చూద్దాం.

వరసను చూసి వయసు చెప్పడం ఎలా?

కట్టుబడి అంటే వరస నడిచే తీరు. రామదాసు కీర్తనల్లో ఎక్కువ వాటికి ఒక పల్లవి, దాని వెనక వరసగా చాలా చరణాలు ఉంటాయి. చరణాలన్నీ ఒకే వరసలో పోతాయి. ‘ఇక్ష్వాకుకుల తిలక’ అందుకు మంచి ఉదాహరణ. రాముడికి, సీతమ్మకు, తమ్ముళ్లకు ఏ నగ చేయించాడో, దానికెంత ఖర్చయిందో గోపన్న ఒక్కొక్కటిగా ఏకరువు పెట్టి నిష్ఠూరమాడతాడు. సొమ్ములు మారతాయి, లెక్క మారుతుంది, వరస మారదు. ఇలాంటి పాట ఒకరు చెప్పగా పదిమంది అందుకునేందుకు పుట్టింది. చేతిలో చిడతలు, తాళాలు ఉంటే చాలు.

ఇప్పుడు కచేరీలో అదే పాట వినండి. పల్లవిని విద్వాంసుడు నాలుగైదు రకాలుగా తిప్పి తిప్పి పాడతాడు. ఇవి సంగతులు. కృతిలో సంగతులను ఒక పద్ధతిగా పేర్చే వాడుక త్యాగరాజుతో బలపడిందని సంగీతజ్ఞులు చెబుతారు. త్యాగరాజు కాలం 1767 నుంచి 1847. అంటే రామదాసు తర్వాత నూరేళ్లు. కచేరీ పాటలోంచి ఈ సంగతులు ఒలిచేస్తే లోపల మిగిలే వరస సాదాగా ఉంటుంది. పాతది ఏమైనా మిగిలి ఉంటే అక్కడే ఉండాలి.

రెండో ఆనవాలు శ్రుతి విస్తీర్ణం. పెద్ద గొంతు ఉన్నవాడికి తారస్థాయి ఆట. గుంపులో అందరికీ అది అందదు. నాదనామక్రియ మంద్ర నిషాదం నుంచి మధ్యస్థాయి నిషాదం దాకానే తిరుగుతుంది, పై షడ్జం తొక్కదు. పున్నాగవరాళిదీ అదే తీరు. పిల్లలూ ముసలివాళ్లూ కలిసి పాడుకునే పాటలు ఎక్కువగా ఇలాంటి రాగాల్లో ఉండటం ఊరికే జరగలేదు. ఆనందభైరవి విస్తీర్ణం ఎక్కువే, అయినా అది లాలిపాటల్లో, పెళ్లిపాటల్లో, కూచిపూడి భాగవతుల కలాపాల్లో నలిగిన రాగం. తెలుగింటి గొంతుకు అలవాటైనది. రామదాసు పేరున నిలిచిన పాటలు ఇటువంటి రాగాల చుట్టూ తిరుగుతున్నాయంటే, విడి విడి వరసల మాట ఎలా ఉన్నా, ఆ తరహా మాత్రం భజనలోంచి వచ్చిందేనని నా నమ్మకం.

భజన ఏ దారిన నడిచింది?

ఇక్కడ ఒకాయన్ను తలచుకోకుండా ముందుకు పోలేం. తూము నరసింహదాసు. గుంటూరు సీమవాడు, జీవితకాలం 1790 నుంచి 1833. ఆయన భద్రాచలం చేరి, నిజాం దగ్గర చందూలాల్ పెత్తనం చేస్తున్న రోజుల్లో గుడి వ్యవహారం చేతికి తీసుకుని, నిత్యసేవలకు, ఉత్సవాలకు ఒక క్రమం ఏర్పరచాడు. ఏ సేవకు ఏ పాట అన్నది కుదురుకున్నది అప్పుడే. ఆయన తిరువయ్యారు వెళ్లి త్యాగరాజును దర్శించాడు కూడా. రామదాసు పాట గుడిలో స్థిరపడటంలో గోపన్న తర్వాత అంతటి పాత్ర నరసింహదాసుదే. అయినా వరసల తగువులో ఆయన పేరు ఎత్తేవారు తక్కువ. అన్యాయమే.

దక్షిణాన ఇంకో పాయ ఉంది. త్యాగరాజు దేవగాంధారిలో పాడిన ‘క్షీరసాగర శయన’లో రామదాసు చెర విడిపించిన సంగతి విన్నానంటాడు. అంటే అప్పటికే కథ కావేరి తీరం చేరింది. కథ ఒంటరిగా వెళ్లిందనుకోను, పాటలూ వెంట వెళ్లే ఉంటాయి. త్యాగరాజు దివ్యనామ కీర్తనల్లో చరణాలన్నీ ఒకే వరసలో పోయే ఆ భజన మూసే కనపడుతుంది. తంజావూరు సీమలో మరుదానల్లూరు సద్గురుస్వామి కుదిర్చిన భజన పద్ధతిలో జయదేవుడి అష్టపదులు, నారాయణతీర్థుల తరంగాలతో పాటు భద్రాచల రామదాసు కీర్తనలకూ చోటుంది. ఇప్పటికీ తమిళనాడు భజన మఠాల్లో అర్థం పూర్తిగా తెలియనివారు కూడా తెలుగు మాటలను కంఠస్థంగా పాడతారు.

దీని వల్ల మనకు పనికొచ్చేదేమిటంటే, గోదావరి ఒడ్డున ఒక పాయ, కావేరి ఒడ్డున ఒక పాయ, రెండూ చాలాకాలం ఎవరి దారిన వారు పాడుకున్నవి. రెండు చోట్లా ఒక పాట వరస కలిసిందంటే, అవి విడిపోక ముందే ఆ వరస ఉందని అనుమానించవచ్చు. కలవకపోతే కనీసం ఒకటి కొత్తది. పాత ఇంగ్లీషు గీతాల వరసల విషయంలో బెర్‌ట్రాండ్ బ్రాన్సన్ అనే అమెరికా పండితుడు చేసింది ఈ పనే. ఒకే పాటకు ఊరూరా దొరికిన వరసలన్నీ పోగుచేసి, పక్కపక్కన పెట్టి, కుటుంబాలుగా విడదీసి 1959 నుంచి 1972 దాకా నాలుగు పెద్ద సంపుటాలు వేశాడు. రామదాసుకు అలాంటి పని జరగవలసి ఉంది. ‘ఇక్ష్వాకుకుల తిలక’ ఒక్కదాన్నే కొందరు కాంభోజిలో, కొందరు యదుకుల కాంభోజిలో పాడతారు. ఎవరు ఏది, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని పట్టిక వేస్తే చాలా సంగతులు బయటపడతాయి.

భజన నడిచిన నేల కూడా ఒకే ఏలుబడిలో లేదు. 1860లో భద్రాచలం తాలూకా నిజాం చేతి నుంచి ఇంగ్లీషువారికి పోయింది, 1874లో మద్రాసు రాజధానిలో చేరింది. నేలకొండపల్లి, పాల్వంచ నిజాం రాజ్యంలోనే ఉండిపోయాయి. భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. ఈ నడుమ శ్రీరామ నవమికి భద్రాచలం వచ్చే భజన బృందాలు రెండు రాజ్యాల నుంచీ వచ్చి ఒకే రేవులో స్నానం చేసి ఒకే మండపం కింద పాడాయి. ఒకరి వరస ఇంకొకరికి అంటుకోవడానికి అంతకన్నా మంచి చోటు ఏముంటుంది?

అయితే బాలమురళి పేరెందుకు వచ్చింది?

1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు, బాలమురళీకృష్ణ వంటి వారి చేతుల్లో భక్తిరంజని కార్యక్రమం తెలుగువారి తెల్లవారుజాము అయిపోయింది. బాలమురళి గొంతులో రామదాసు విన్న తరం మళ్లీ వేరే తీరును ఒప్పుకోలేదు. చాలా కీర్తనలకు ఆయనే వరస కట్టారని సంగీతలోకంలో గట్టిగా చెప్పుకుంటారు, అందులో అతిశయోక్తి పెద్దగా లేదు. వాడుక తప్పిన పాటలకు కొత్తగా కట్టి ఉంటారు, వాడుకలో ఉన్నవాటిని చెక్కి ఉంటారు. ఆయన గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. పంతులుగారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. శాస్త్రిగారిది త్యాగరాజు శిష్యుడైన మానంబుచావడి వేంకటసుబ్బయ్య శిష్యరికం. అంటే కావేరి పాయ బాలమురళి చేతిలో గోదావరి పాయతో కలిసింది. ఆయనను వరసకర్త అనడం కన్నా ఈ రెండు పాయల సంగమం అనడం నాకు సబబుగా తోస్తుంది.

ఆ తర్వాత సినిమా. 1964లో నాగయ్య తీసిన ‘రామదాసు’, 1980లో కె.వి. మహదేవన్ సంగీతంతో ‘శంకరాభరణం’, 2006లో కీరవాణి సంగీతంతో ‘శ్రీరామదాసు’. శంకరాభరణం దెబ్బకు ‘ఏ తీరుగ నను’ తెలుగు రానివారి నోళ్లలో కూడా పడింది. పరిశోధకుడికి ఇది తలనొప్పి. 1980 తర్వాత కుంభకోణంలోనూ కొత్తగూడెంలోనూ ఒకే వరస వినపడితే అది పాత సంబంధమా, క్యాసెట్టు మహిమా? చెప్పలేం. రేడియో, క్యాసెట్టు చేరకముందు పాట నేర్చుకున్న వారి మాటే ఇక్కడ చెల్లుతుంది.

కోయల పాట సంగతేమిటి?

భద్రగిరి మీద విగ్రహాలను మొదట కనుగొన్నది పోకల దమ్మక్క అని స్థలపురాణం. ఆమె అడవి బిడ్డ. ఆ కథే చాలామందికి వరసలు కూడా అడవివే అని చెప్పే ధైర్యం ఇచ్చింది. ఒకరు పాడటం, పదిమంది అందుకోవడం కోయ పాటలోనూ ఉంది, భజనలోనూ ఉంది. కాని అది ప్రపంచమంతా ఉన్న పద్ధతి. దాన్ని పట్టుకుని అప్పు తెచ్చుకున్నారనలేం. కోయల రేల పాటల్లో చిన్న చిన్న పదాలు, మళ్లీ మళ్లీ తిరిగొచ్చే ‘రేలా’ పల్లవి, అడుగు వేసే ఆటకు కట్టుబడిన నడక. రామదాసు కీర్తనలో వాక్యం పొడుగు, ప్రాస కట్టుదిట్టం, తాళం వేరు. రెండూ పక్కపక్కన విన్నవారికి తేడా వెంటనే తెలుస్తుంది.

అడవి నుంచి శాస్త్రీయ సంగీతానికి ఏమీ రాలేదని మాత్రం అనను. యదుకుల కాంభోజికే ఎరుకల కాంభోజి అని ఇంకో పేరు. సుబ్బరామ దీక్షితులు ఆ పేరుతోనే రాశాడు. అక్కడ అప్పు పుస్తకానికి ఎక్కింది. రామదాసు విషయంలో కోయల నుంచి తీసుకున్నట్టు అటువంటి రుజువు కనపడదు.

ఈ వాదంలో నాకు నచ్చనిది ఇంకొకటుంది. కోయ పాటను రామదాసు పాటకు ముడిసరుకుగా చూడటం. కోయ డోలీలు గోత్రాల చరిత్రను, సమ్మక్క సారలమ్మల కథను తరాలుగా పాడుతున్నారు. మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు ఆ కళకే 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఏ గోత్రానికి ఏ కథ, ఏ సందర్భానికి ఏ దరువు అన్నది అక్కడ గురువు ద్వారా వచ్చే విద్య. దానికి రామదాసుతో చుట్టరికం కలిపితే గాని విలువ రాదనుకోవడం తప్పు.

ఇంతకీ వరస ఎవరిది?

నన్నడిగితే ఇలా చెబుతాను. మాట గోపన్నది. ఒకే వరసలో చరణాలు నడిచే ఆ భజన మూస చాలావరకు ఆయన కాలానిదే అయి ఉండాలి. ఏ సేవకు ఏ పాట అన్న కుదురు నరసింహదాసు తరానిది. మనం ఈరోజు చెవులారా వినే నున్నని రూపం, సంగతులతో సహా, 20వ శతాబ్దపు రేడియోది, కచేరీది. ఫలానా స్వరం రామదాసు నోటిదేనని ఎవరైనా ప్రమాణం చేస్తే నమ్మవద్దు. పాత వరస ఏదీ లేదు, అంతా బాలమురళి కల్పనే అన్నా నమ్మవద్దు.

పని మాత్రం చాలా మిగిలి ఉంది, అది చేయడానికి సంగీతం రానక్కర్లేదు. మీ ఊరి భజన మందిరంలో ఎనభై దాటిన పెద్దలు ఉంటే, చెక్క భజనలోనో కోలాటంలోనో చిన్నప్పుడు రామదాసు పాట నేర్చుకున్న అమ్మమ్మలు ఉంటే, ఫోన్లో రికార్డు చేయండి. పల్లవి ఒక్కటే కాదు, వాళ్లకు వచ్చిన చరణాలన్నీ పాడించండి. తప్పు పాడుతున్నారని మధ్యలో దిద్దకండి. మీకు తప్పనిపించేదే పాత వరస కావచ్చు. పాట అయ్యాక ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊళ్లో, అప్పటికి ఇంట్లో రేడియో ఉందా అని అడిగి అదే రికార్డులో చెప్పించండి. ఒక కాపీ ఇంట్లో ఉంచుకుని ఇంకొకటి దగ్గర్లోని కాలేజీ తెలుగు శాఖకో, సంగీత కళాశాలకో ఇవ్వండి. వచ్చే నవమికి భద్రాచలం వెళ్తే, మండపం బయట నీడన కూర్చుని పాడుకునే బృందాల దగ్గర కూడా కాసేపు ఆగండి.